పక్కన నిలబడే మనిషి

పోయిన వారం, ఆదివారం పొద్దున్నే ఆమదాలవలస స్టేషన్ ఆటో ఒకటి మా మందిరం ముందు ఆగిందని చెప్పాను. అందులోంచి ఒక పెద్దావిడ, నా ఈడు అమ్మాయి ఒకతె దిగారు. పెద్దావిడ చేతిలో ఫోను ఉంది. ఫోనులో మా జగ్గమ్మ మామ్మ ముఖం ఉంది. "ఈవిడ ఉండేది ఇక్కడేనా?" అని ఆవిడ నన్నే అడిగింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. ఉప్పరవలసలో మాది రేకుల కప్పు మందిరం. మా నాన్న నరసింగరావు దానికి పాస్టరు, ఊరందరికీ అయ్యగారు. రెండేళ్ళుగా మందిరం పలచబడిపోయింది. వయసులో ఉన్నవాళ్ళంతా పట్నంలోని పెద్ద చర్చి ఆరాధనను ఫోనులో చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోతున్నారు. ఎదురింటి దాలయ్య మావ బిస్కట్టు విరుచుకుని, నిమ్మ షర్బత్తు కలుపుకుని, మందిరంలో రొట్టె, ద్రాక్షరసంతో తీసుకునే ప్రభువు బల్ల కూడా ఫోను ముందే కూర్చుని తీసేసుకున్నాడని తెలిసిన రోజు నాన్న అన్నం తినలేదు. నరసన్నపేట ఫొటో స్టూడియోలో పనిచేసే మా త్రినాథ్ బావ అప్పుడే అన్నాడు, "మనం కూడా ఫోన్లోకి ఎక్కాల మావా" అని. ఎక్కించే పని నామీద పడింది. నేను తీసిన జగ్గమ్మ సాక్ష్యాన్ని ముప్పై సెకన్లకు కోసి, ప్రకటనగా రెండు జిల్లాల మీదికి వదిలాం.

"ఇక్కడేనండి" అన్నాను. ఆవిడకు వినపడలేదు, మళ్ళీ చెప్పాను. క్లాసులో హాజరు పలికేటప్పుడు కూడా నా పేరు రెండోసారి పిలవాల్సి వస్తుంది. అలాంటిదాన్ని.

ఆవిడ పేరు రాజరాజేశ్వరి. గజపతినగరంలో పిల్లలకు వీణ నేర్పుతారట. నుదుట పెద్ద బొట్టు, నేత చీర, భుజాన గుడ్డ సంచి. మందిరం ముందు చెప్పులు విడిచి, గడపను తాకి కళ్ళకద్దుకున్నారు. మావాళ్ళెవరూ అలా చెయ్యరు. కాని ఆవిడ వంగిన తీరు చూసి, చాప మీద కూర్చున్న ముసలమ్మలు ఒక్క మాటైనా అనకుండా జరిగి చోటిచ్చారు. కూతురు చరిత మాత్రం గుమ్మంలోనే నిలబడి పైన రేకులనీ, స్తంభం పక్కన ఫోను స్టాండునీ, చివరికి నన్నూ చూసింది. నవ్వబోయి మానేసినట్టు అనిపించింది.

లోపల చాపలు సరిపోలేదు. ప్రకటన వెళ్ళినప్పటి నుంచి ప్రతి ఆదివారం కొత్త ముఖాలే. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, "దీవెనా, మీ పెద్దమ్మోలింటికి ఎల్లి ఇంకో చాప అట్టుకురా అమ్మా" అంటున్నాడు. ఆ గొంతు నాకు కొత్త. ఖాళీ చాపలకు వాక్యం చెప్పీ చెప్పీ నాన్న గొంతు సన్నబడిపోవడం చూశాను. అది మళ్ళీ లేస్తే వినాలనే నేను ఫోను పట్టుకున్నాను.

చాప తెచ్చేసరికి బావ స్టాండుకు ఫోను బిగిస్తున్నాడు.

"ఏటే మరదలా, ముఖం అలగ పెట్టినావు? నీ రీలు గజపతినగరం దాకా ఎల్లిపోనాది."

"ఆళ్ళెందుకొచ్చారో మరి."

"ఎందుకొస్తే ఏటి, వచ్చారు గదా. ఈయేళ లైవులో ముసల్ది ఇంకోపాలి సాక్ష్యం సెప్పీసిందంటే మనకి తిరుగు నేదు."

"ఈశ్వరి వదిన ఊళ్ళో లేదు" అన్నాను.

బావ మొహం చిట్లించాడు. ఆ సంగతి వాడు మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు.

మా మందిరంలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. తాత కాలం నుంచీ వస్తున్నదే. దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకునే మనిషి ఒంటరిగా లేవకూడదు. ఆ సంగతి దగ్గరుండి చూసినవాళ్ళు ఒకరు పక్కన నిలబడాలి. చెప్పే మనిషి ఎక్కువ చేసి చెప్పినా, ఏదైనా వదిలేసినా, పక్కనున్నవాళ్ళు అక్కడికక్కడే సరిచేస్తారు. ఒకసారి దాలయ్య మావ తన్ను నాగుపాము కరిచి వదిలిన సంగతి చెబుతుంటే, పక్కన నిలబడ్డ వాళ్ళక్క, "నాగుపాము కాదు, నీరుకట్టె" అంది. మందిరమంతా నవ్వింది. దాలయ్య మావ, "నన్ను కరిసినప్పుడు అది నాగుపామునాగే ఉన్నాది" అన్నాడు. నాన్న దానికీ ప్రార్థన చేశాడు.

జగ్గమ్మ మామ్మకు పక్కన నిలబడేది కోడలు ఈశ్వరి. మామ్మ మెట్టు జారి పడి తలకు దెబ్బ తగిలాక మూర్ఛలు పట్టుకున్నాయి. నెలల తరబడి మంచం దిగలేదు. సాక్ష్యంలో మామ్మ ఆ బాధంతా చెప్పి, "దేవుడు నన్ను లేపినాడు" అని కళ్ళు తుడుచుకుంటుంది. అప్పుడు ఈశ్వరి వదిన అందుకుంటుంది. "పెద్దాసుపత్రి డాక్టరుగోరు మాత్రలు రాసినారు. పూట తప్పకుండా నానే ఏస్తన్నాను. ఇప్పుడికీ ఏస్తన్నాను." ఇద్దరివీ కలిస్తేనే అది ఒక సాక్ష్యం.

ఫోను నిలువుగా పట్టుకుంటే ఇద్దరికీ చోటు చాలలేదు. "ముసల్దాని ముఖం సాలు" అన్నాడు బావ. నేను ఈశ్వరి వదినను జరగమనలేదు, ఫోనునే కొంచెం జరిపాను. తర్వాత కోసేటప్పుడు, ఆమె గొంతు మొదలయ్యే చోట ఆపి, అక్కడొక పాట తగిలించాను. పైన వచ్చే అక్షరాలు బావ చెప్పాడు, నేను రాశాను. "మందులు తీర్చలేని మూర్ఛ ప్రార్థనతో పోయింది." రాస్తూ ఉంటే నా వేలు కాసేపు ఆగింది. అలా ఆగిందని నాకు గుర్తుంది. అందుకే తెలియక చేశానని నాకు నేను కూడా చెప్పుకోలేకపోతున్నాను.

ఆరాధనకు ఇంకా టైముంది. మందిరం వెనక బోరింగు దగ్గర గ్లాసులు కడుగుతుంటే చరిత వచ్చింది.

"నీళ్ళిస్తావా?"

ఒక స్టీలు గ్లాసు నింపి ఇచ్చాను. తాగకుండా పట్టుకుని నిలబడింది.

"ఆ వీడియో నువ్వే తీశావట. మీ బావ చెప్పాడు. మీ బావ చాలా చెప్పాడులే."

"ఊ."

"బాగా తీశావు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగే చోట పాట మొదలవుతుంది చూడు, అక్కడ మా అమ్మ ప్రతిసారీ ఏడుస్తుంది. వంటింట్లోంచి ఆ పాట వినిపిస్తే చాలు, మళ్ళీ వచ్చిందమ్మా మీ జగ్గమ్మ అంటాను. ఇప్పుడు అమ్మ నన్ను నిజంగా జగ్గమ్మ ఉన్న ఊరికి తీసుకొచ్చేసింది."

నాకు నవ్వొచ్చింది. ఆమెతో స్నేహం కుదిరేలా ఉందే అనుకున్నాను. తర్వాతి మాటతో నవ్వు పోయింది.

"నాకు కూడా అవే. ఫిట్స్. తొమ్మిదో తరగతి నుంచి. మాత్రలు వేసుకుంటే రావు. కాని వేసుకుంటే ఎప్పుడూ నిద్రమత్తు. వీణ ముందు కూర్చుంటే వేళ్ళు ఎవరివో అన్నట్టుంటాయి. మా అమ్మకి అదే దిగులు. అందుకే మానేశాం."

"ఎప్పుడు?"

"మొన్న బుధవారం. అమ్మ మానిపించింది. నేనూ సరే అన్నాను. ఎవరికి మాత్రం ఇష్టం చెప్పు, రోజూ మింగడం?"

ఆమె గ్లాసు పైకెత్తింది. నీళ్ళు అంచు దాటి ఆమె మణికట్టు మీదుగా కారాయి. చెయ్యి సన్నగా అదురుతోంది. రెండో చేత్తో పట్టుకుని ఆపింది.

"పొద్దున్నుంచీ ఇలాగే ఉంది. అమ్మకి చెప్పకు. రైల్లో నిద్ర లేక అనుకుంటోంది."

నేనేమైనా అనేలోపే రాజరాజేశ్వరిగారు వెనకనుంచి వచ్చారు. కూతురి తల నిమిరి, నాతో ఎంతో ఇష్టంగా మాట్లాడారు. ఆ ఇష్టమే నన్ను కోసింది.

"నువ్వేనటగా అమ్మాయ్, ఆ వీడియో పంపింది? నీకు పుణ్యం ఉంటుంది. నేను ఇలాంటివి వెతుక్కునేదాన్ని కాను. మా ఇంట్లో పూజలు, త్యాగయ్య ఉత్సవాలు తప్ప ఇంకో ధ్యాస లేదు. కాని ఎప్పుడు ఫోను తీసినా ఆవిడే. కూర ఎలా వండాలో చూస్తుంటే మధ్యలో ఆవిడ. కచేరీ వింటుంటే మధ్యలో ఆవిడ. మా వారు వద్దంటే వద్దన్నారు. ఎవరో పట్టుబట్టి పిలుస్తున్నట్టుంటే ఎన్నాళ్ళని కాదంటాను, నువ్వే చెప్పు?"

"మాత్రలు తెచ్చారాండీ?" అన్నాను.

"లేవు" అన్నారు ఆవిడ, బరువు దింపుకున్నదానిలా. "దూసి స్టేషన్ దాటాక నాగావళి వంతెన మీద అందరం రూపాయి బిళ్ళలు వేస్తాం కదా. ఈసారి బిళ్ళతో పాటు ఆ మాత్రల అట్టలు కూడా నదిలో వేసేశాను. సంచిలో ఉంటే మనసు వెనక్కి లాగుతుందని."

చరిత నీళ్ళు తాగకుండానే గ్లాసు బోరింగు గట్టు మీద పెట్టింది. తల్లీకూతుళ్ళు లోపలికి వెళ్ళారు.

నేను ఆ తడి సిమెంటు మీదే నిలబడిపోయాను. బోరింగు దాటితే గట్టు, గట్టు దిగితే కాలువ. కాలువ నిండుగా పోతోంది. పిలుపు అన్నారు ఆవిడ. ఆ పిలుపు ఎలా వెళ్ళిందో నాకు తెలుసు. ప్రకటన వదిలే ముందు ఎవరికి చూపించాలి అని ఫోను అడిగింది. ఆడవాళ్ళకి అన్నాను. పిల్లల తల్లుల వయసు వాళ్ళకి అన్నాను. శ్రీకాకుళం, విజయనగరం అన్నాను. జబ్బుల గురించీ, ఆస్పత్రుల గురించీ చదివేవాళ్ళకి అన్నాను. ఒక్కొక్కటీ నొక్కుతుంటే, వల వేసే ముందే చేప ఎక్కడుందో చూసుకున్నట్టు సరదాగా ఉండింది కూడా.

నేను లోపలికి వెళ్ళేసరికి నాన్న పక్క గదిలో తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. నాన్నది బటన్ల ఫోను. బావ ఎంతమంది చూశారో చెబితే వినడమే కాని ఆ వీడియోను నాన్న ఒక్కసారీ పూర్తిగా చూడలేదు.

"నాన్నా, ఆ వీడియోలో..."

"సూసినావా అమ్మా" అన్నాడు నాన్న, నా మాట వినకుండానే. "బొట్టు పెట్టుకున్న తల్లి, ఎంత దూరం నుంచి వచ్చినాదో సూడు. గడపకి దండం ఎట్టినాది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగిపోనాయి. ఎవులు రమ్మన్నారు సెప్పు ఆ తల్లిని?"

నేను తువ్వాలు అందుకుని దండెం మీద వేశాను.

బావ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. వాడు విన్నాడు. విన్నాక ముందు అటూ ఇటూ చూశాడు.

"రేపు తీసీద్దాం."

"రేపా? ఆ అమ్మాయి చెయ్యి ఇప్పుడే వణుకుతోంది బావా."

"నెమ్మదిగా మాటాడు. మాత్రలు మానీయమని మనం సెప్పినామా? ఎక్కడైనా అన్నామా, సూపించు."

"అనలేదు. అన్నది తీసేశాం."

"అదే సెప్తన్నాను, అనలేదు గదా." వాడు ఫోను అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "ఈయేళ నువ్వు నోరిప్పితే మావ పరువేటయితాది? ఇన్నాళ్ళకి మందిరం నిండినాది. అదొక్కటి ఆలోసించు."

నేను ఆలోచించాను. నాన్న గొంతు, చాపలు, గడప మీద ఆ చెయ్యి, గ్లాసు అంచు దాటిన నీళ్ళు. ఏది ముందు పెట్టినా మిగతావి మీద పడుతున్నాయి.

జగ్గమ్మ మామ్మ కిటికీ కింద కూర్చుని, వారమంతా పూట పూటకీ తీసిపెట్టిన పిడికెడు బియ్యాన్ని గుడ్డ మూటలోంచి మందిరం డబ్బాలో పోస్తోంది. పక్కన కూర్చున్నాను.

"మామ్మా, నిన్ను ఫోన్లో చూశావా ఎప్పుడైనా?"

"నాకెవులు సూపిస్తారే? ఊరంతా సూసినాదంట. నా ముఖం నాకే కరువు." ఆమె నవ్వింది. "అందంగా ఉన్నానేటి?"

ఫోను ఆమె ముందు పెట్టి నొక్కాను. మామ్మ కళ్ళు చికిలించి చూసింది. తన ముఖం కనిపించగానే చీర చెంగు సర్దుకుంది. తన ఏడుపు వచ్చినప్పుడు పెదవులు కదిపింది. పాట వచ్చింది. ఆగిపోయింది. మామ్మ ఫోను అంచు పక్కకు వంగి చూసింది, అటువైపు ఇంకేమైనా ఉందేమో అన్నట్టు.

"ఈశ్వరేదే?"

నేను వీడియోను మళ్ళీ మొదటికి జరిపాను.

"నా పక్కనే గదా నిలబడినాది. దాని సెయ్యి నా భుజం మీద ఉన్నాది. ఇదిగో, ఇక్కడ ఏళ్ళు అవుపిస్తన్నాయి. మనిసేదే?"

నిజమే. మామ్మ భుజం మీద ఈశ్వరి వదిన వేళ్ళ కొసలు మిగిలి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను అవి చూడలేదు.

"పైన ఏటి రాసినాది?"

చదివాను. చదవడం రాయడం కంటే కష్టమైంది. తర్వాత వచ్చినవాళ్ళెవరో, ఎందుకొచ్చారో, నాగావళిలో ఏమి వేశారో కూడా చెప్పేశాను. మామ్మ కోప్పడుతుందని అనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆమె డబ్బాలో పడ్డ బియ్యాన్ని అరచేత్తో చదును చేస్తూ కూర్చుంది.

"దేవుడు మాత్రల్లోంచి రాకూడదని ఎవులు సెప్పినారే నీకు?" అంది చివరికి. "డాక్టరుగోరి సేతిలో ఆయన నేడా? సగం దేవుణ్ణి కోసి పారేసి, సగం దేవుణ్ణి ఊరంతా తిప్పినారు. నా ముఖం ఎట్టి తిప్పినారు."

"ఇప్పుడేం చెయ్యను మామ్మా?"

"నన్నడుగుతావేటి? కోసినప్పుడు అడిగినావా?" ఆమె మూట గుడ్డ దులిపింది. "నా పక్కన మనిసి కావాలి ఈయేళ. ఈశ్వరి ఆళ్ళమ్మకి జొరమని ఎల్లింది. మాత్రలు పొట్లం కట్టి ఇచ్చినాది, పొద్దున్న నానే ఏసుకున్నాను."

పాటలు మొదలయ్యాయి. కంజిర మోగింది. కొత్తవాళ్ళు ఒకరిని చూసి ఒకరు చప్పట్లు కొట్టారు. చరిత తల్లి పక్కన, గోడకు చేరబడి కూర్చుంది. చేతులు రెండూ చున్నీ కింద దాచుకుంది. ఆ చున్నీ కదులుతోంది.

పాటలయ్యాక నాన్న, "సాక్ష్యం చెప్పేవారెవరైనా ఉంటే" అన్నాడు. జగ్గమ్మ మామ్మ నేలకు చెయ్యి ఆనించి లేచింది. అందరి తలలూ అటు తిరిగాయి. రాజరాజేశ్వరిగారు చేతులు జోడించారు.

"జగ్గమ్మా, ఈశ్వరి నేదు గదా" అన్నాడు నాన్న. ఇంత సంతోషంలోనూ పద్ధతి నాన్నకు గుర్తుంది. ఆ మాట విని నాకు కళ్ళు మండాయి.

"దీవెన నిలబడతాది అయ్యగోరూ."

"దీవెనా? దానికేటి తెలుసు?"

"తెలుసు. ఈ సంగతి నాకంటే దానికే బాగా తెలుసు."

నేను లేచాను. మందిరం అంత పొడుగుందని నాకు అప్పటిదాకా తెలియదు. మామ్మ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తన భుజం మీద పెట్టుకుంది. ఎదురుగా ఫోను. లైవు నడుస్తోంది. బావ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపి, ఫోనును మామ్మ వైపు కొంచెం తిప్పాడు.

"ఒరే తిరనాదూ" అంది మామ్మ. "ఆ డబ్బాని అడ్డంగా పెట్టు. ఇద్దరం ఉన్నాం."

ఎవరో నవ్వారు. బావ ఎర్రబడి, ఫోనును అడ్డంగా తిప్పి బిగించాడు.

మామ్మ తన సగం చెప్పింది. మెట్టు జారడం, తలకు దెబ్బ, మంచం. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పింది. "దేవుడు నన్ను లేపినాడు" అన్న చోట ఆగింది. రాజరాజేశ్వరిగారు అప్పటికే ఏడుస్తున్నారు.

"ఫోన్లో ఇక్కడి దాకే ఉన్నాది. మిగిలింది నా పక్క మనిసి సెప్తాది" అని నన్ను చూసింది.

నేను రాజరాజేశ్వరిగారిని చూస్తూ చెప్పలేకపోయాను. ఆవిడ ముందున్న చాప అంచును చూస్తూ చెప్పాను.

"మామ్మ ఆస్పత్రి మాత్రలు వేసుకుంటోందండి. ఒక్క పూట కూడా మానలేదు. పొద్దున్న కూడా వేసుకుంది. ఇక్కడ సాక్ష్యం చెప్పినప్పుడు ఈశ్వరి వదిన పక్కన నిలబడి ఆ మాట చెప్పింది. దాన్ని నేను కోసేశాను. పైన రాసిన అక్షరాలు నావే. మామ్మ అలాంటి మాట ఎప్పుడూ అనలేదు."

కంజిర పట్టుకున్న పిల్లాడు దాన్ని మెల్లగా చాప మీద పెట్టాడు. ఆ గలగల అందరికీ వినిపించింది.

రాజరాజేశ్వరిగారు లేచి నిలబడ్డారు. ఆవిడ ముఖంలో కోపం లేదు. నామీద జాలి ఉంది. అది చూసి ఇంకా భయం వేసింది.

"భయపడకు అమ్మాయ్. నీ చేత ఎవరో ఇలా చెప్పిస్తున్నారు. ఊళ్ళో గొడవలు ఉంటాయి, నాకు తెలుసు. పెద్దావిడ కళ్ళెదుట నిక్షేపంగా నిలబడి ఉంది కదా, నాకు అది చాలు. అయినా నీ మాటే నిజమైతే, అన్నిసార్లు నాకే ఎందుకు వచ్చింది? మా పక్కింటావిడకి రాలేదు. మా చెల్లెలికి రాలేదు. నాకే ఎందుకు?"

నాన్న నా వైపు చూస్తున్నాడు. నాన్నకు కూడా ఆ ప్రశ్నకు జవాబు కావాలి. పొద్దున్న తువ్వాలు చేతిలో పట్టుకుని అడిగిన ప్రశ్న అదే.

"మీరు ఫోనులో ఫిట్స్ గురించి చదువుతారాండీ?" అన్నాను.

ఆవిడ చీర కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "రోజూ చదువుతాను. చరిత పడుకున్నాక. తల్లిని కదా."

"అందుకే వచ్చిందండి. ప్రకటన ఎవరికి చూపించాలని ఫోను అడుగుతుంది. జబ్బుల గురించి చదివే ఆడవాళ్ళకి చూపించమని నేను నొక్కాను. మీ పేరు నాకు తెలీదు. మీలాంటివాళ్ళకి అని నొక్కాను. ఒకసారి చూసి ఆగినవాళ్ళకి అది మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. దేవుడు మిమ్మల్ని పిలిచాడో లేదో నాకు తెలీదండి. ఆ వీడియోతో మిమ్మల్ని పిలిచింది నేను."

నా చెయ్యి ఇంకా మామ్మ భుజం మీదే ఉంది.

నాన్న మెల్లగా వేదిక మెట్టు మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పైన ఏటని రాసినావమ్మా?" అని అడిగాడు. పొద్దుటి గొంతు కాదు. ఖాళీ చాపలప్పటి గొంతు.

మళ్ళీ చెప్పాను. మొత్తం చెప్పాను. "మందులు తీర్చలేని" అనే మాట దగ్గర నాన్న కళ్ళు మూసుకున్నాడు.

వెనక వరసలో కొత్తవాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి చెప్పుల వైపు నడిచారు. ఒకాయన, "ఇదీ యాపారమేనేటి" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. నాన్న ఆ మాట విన్నాడు. తలెత్తలేదు.

రాజరాజేశ్వరిగారు తన గుడ్డ సంచిలో చెయ్యి పెట్టారు. దేనికోసమో తడిమారు. దువ్వెన, తువ్వాలు, అరటిపళ్ళు తీసి చాప మీద పెట్టారు. సంచిని బోర్లించారు. ఏమి వెతుకుతున్నారో ఆవిడకే అప్పుడు అర్థమైనట్టుంది. ఖాళీ సంచి పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"నాగావళిలో వేసేశాను" అన్నారు. మాతో కాదు. పక్కకు తిరిగి, "చరితా, లే అమ్మా, ముందు ఏదైనా మందుల షాపుకి..." అని ఆగిపోయారు.

గోడ దగ్గర చున్నీ మాత్రమే ఉంది.

అందరూ నన్ను చూస్తున్నారు, ఫోను నన్ను చూస్తోంది. ఆమె ఎప్పుడు లేచి వెళ్ళిందో ఎవరూ చూడలేదు.

మందిరం వెనక సిమెంటు మీద స్టీలు గ్లాసు పడిన చప్పుడు వినిపించింది. దొర్లింది. ఆగింది.

నేను ముందు పరుగెత్తాను. వెనక తలుపు తోసుకుని వెళ్ళేసరికి చరిత లేదు, గ్లాసు బోరింగు పక్కన పడి ఉంది. నీళ్ళు ఇంకా పారుతున్నాయి. తడి పాదాల గుర్తులు సిమెంటు దాటి గట్టు మీదికి, కాలువ వైపుకు వెళ్ళాయి.

ఒక్క మనిషివే.